సోయా వేసినా వరి సొమ్ము: అమెరికా కౌంటీలో సాగు సబ్సిడీ ఎవరి చేతికి, ఏ లెక్కన?

అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఆర్కాన్సా రాష్ట్రానిదే. ఆ రాష్ట్రం తూర్పు భాగంలో ఆర్కాన్సా కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. రాష్ట్రం పేరే కౌంటీకీ పెట్టారు. స్టట్‌గార్ట్, డివిట్ అనే రెండు చిన్న పట్టణాలు దానికి ముఖ్య కేంద్రాలు. పైన మెత్తటి మన్ను, అడుగున నీళ్లు ఇంకనివ్వని గట్టి బంకమట్టి పొర. గట్లు వేసి నీళ్లు పెడితే నిలుస్తాయి కాబట్టి వందేళ్లకు పైగా అది వరి నేల.

అక్కడ రోడ్డుకు అటొకటి, ఇటొకటి రెండు పొలాలున్నాయనుకుందాం. ఒకదాంట్లో ఈ ఏడు సోయాచిక్కుడు వేశారు, రెండో దాంట్లో వరి. వరి ధర పడిపోయినందుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము సోయా వేసిన పొలానికి రావచ్చు. వరి వేసిన పొలానికి పైసా రాకపోవచ్చు. ఇందులో ఎవరి పొరపాటూ లేదు, అక్రమమూ లేదు. చట్టమే అలా ఉంది.

దీనికి మూలం బేస్ ఎకరాలు అనే లెక్క. ఫలానా పొలంలో ఫలానా పంట గతంలో ఎన్ని ఎకరాల్లో సాగైందో ఒకసారి లెక్కగట్టి రాసిపెట్టారు. ఆ అంకె మనిషికి కాక పొలానికి అంటుకుని ఉంటుంది. పొలం అమ్మితే కొన్నవాడికి పోతుంది, కౌలుకిస్తే కౌలుదారుకు అక్కరకొస్తుంది. ఈ ఏడాది ఆ నేలలో ఏం మొలిచిందన్నది దానికి అనవసరం. పంటకూ చెల్లింపుకూ ఉన్న ముడిని తెంపింది 1996 నాటి సాగు చట్టం. 2002లో, 1998-2001 మధ్య నాలుగేళ్ల సాగు సగటును బట్టి బేస్‌ను సరిచేసుకునే వీలిచ్చారు. 2014లో 2009-2012 సాగును చూసి పంటల మధ్య సర్దుకోనిచ్చారు, మొత్తం మాత్రం పెరగకుండా కట్టడి చేశారు. 2009 నుంచి 2017 దాకా ఒక్క ఏడాది కూడా జాబితాలోని పంట వేయని పొలాల బేస్‌కు 2018 చట్టం చెల్లింపు ఆపేసింది. 2025 జులై 4న వచ్చిన చట్టం తలుపు మళ్లీ తెరిచింది. 2019-2023 మధ్య బేస్ కన్నా ఎక్కువ సాగు చేసిన పొలాలకు దేశం మొత్తం మీద 3 కోట్ల ఎకరాల వరకు కొత్త బేస్ ఇస్తారు. అది 2026 పంట నుంచి లెక్కలోకి వస్తుంది. రోడ్డుకు అవతల వరి వేసి ఊరికే చూస్తున్న రైతుకు ఆశ మిగిలిందంటే ఇక్కడే.

స్వేచ్ఛకు ఒక మినహాయింపు ఉంది. బేస్ ఎకరాల్లో 15 శాతానికి మించి కూరగాయలో పండ్లో వేస్తే, మించిన ప్రతి ఎకరాకు చెల్లింపు తెగుతుంది. సబ్సిడీ లేని కూరగాయల రైతులు తమకు పోటీ పెరుగుతుందని పోరాడి పెట్టించుకున్న షరతు అది.

పాత పద్ధతి ఇంతకన్నా ఉదారంగా ఉండేది. 2014 దాకా ధర పడినా లేచినా ఏటా నేరుగా కొంత సొమ్ము ఇచ్చేవారు. వరికి 100 పౌండ్లకు 2.35 డాలర్లు. ఎకరాకు 48 వందల పౌండ్ల దిగుబడి రాసి ఉన్న పొలానికి, 85 శాతం ఎకరాల లెక్కన, బేస్ ఎకరాకు దాదాపు 96 డాలర్లు పడేవి. విత్తనం వేయకపోయినా పడేవి. టెక్సస్‌లో పాత వరి పొలాలను ప్లాట్లుగా కోసి ఇళ్లు కట్టుకున్నవారికి పెరటి గడ్డి మీద వరి సొమ్ము వచ్చిన వైనాన్ని 2006లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. సాగు చేయనివాళ్లకు 2000 నుంచి కనీసం 130 కోట్ల డాలర్లు పోయాయని ఆ పత్రిక లెక్క తేల్చింది. 2014 చట్టంలో ఈ నేరు చెల్లింపులు రద్దయ్యాయి.

తెలంగాణ పాఠకులకు ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకాలానికి 4,000 రూపాయలు పట్టాదారు పాస్‌బుక్ ఆధారంగా ఇచ్చారు, ఎకరాలకు పరిమితి పెట్టలేదు. వెంచర్లకూ గుట్టలకూ సొమ్ము పోయిందన్న విమర్శ పెరిగాక, 2025 జనవరిలో రైతుభరోసా అమల్లోకి వచ్చినప్పుడు సాగుకు పనికిరాని భూములను తప్పించారు. రెండు చోట్లా జరిగింది ఒకటే. పంటను ఏటా లెక్కించడం కన్నా రికార్డులోని ఎకరాను లెక్కించడం ప్రభుత్వానికి సులువు. ఆ సులువుకు మూల్యం ఇలా కట్టాల్సి వస్తుంది.

ధర తేడా లెక్క

ఇప్పుడు అమెరికాలో నడుస్తున్న పథకాలు ప్రధానంగా రెండు. ఒకటి ధర పడితే ఇచ్చేది, పీఎల్‌సీ అంటారు. రెండోది కౌంటీ సగటు ఆదాయం పడితే ఇచ్చేది, ఏఆర్‌సీ. వరి బేస్ దాదాపు అంతా పీఎల్‌సీలోనే ఉంటుంది. నీటి పారుదల కింద దిగుబడి పెద్దగా ఊగదు, ఊగేది ధర. కాబట్టి వరి రైతుకు అది తెలివైన ఎంపికే.

పీఎల్‌సీలో ప్రతి పంటకు చట్టమే ఒక ఆధార ధర రాసిపెట్టింది. పొడుగు గింజ వడ్లకు అది 100 పౌండ్లకు 14 డాలర్లుండేది, 2025 చట్టంతో 16.90 అయింది. మన లెక్కలో చెప్పుకుంటే క్వింటాలుకు 37 డాలర్ల పైచిలుకు. డాలరు 88 రూపాయలనుకుంటే దాదాపు 3,280 రూపాయలు. అదే 2025-26లో మన సాధారణ రకం వడ్ల మద్దతు ధర 2,369. కానీ రెంటినీ పక్కపక్కన పెట్టి తేల్చేయడం సరికాదు. మన దగ్గర ప్రభుత్వం వడ్లు కొంటుంది, అక్కడ కొనదు. రైతు మార్కెట్లో ఎంతకమ్ముకున్నా, దేశవ్యాప్త సగటు ధరకూ ఆధార ధరకూ ఉన్న తేడాను మాత్రమే చెల్లిస్తుంది.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఒక పొలానికి 1,000 ఎకరాల వరి బేస్ ఉంది. రికార్డులో రాసిన దిగుబడి ఎకరాకు 60 వందల పౌండ్లు. మార్కెట్ సంవత్సరం సగటు ధర 12 డాలర్లు వచ్చిందనుకుందాం. తేడా 4.90. చెల్లింపు 1,000 ఎకరాలకూ ఉండదు, 85 శాతానికే, అంటే 850 ఎకరాలకు. 4.90ని 60తో, ఆపైన 850తో గుణిస్తే 2,49,900 డాలర్లు. కేంద్ర బడ్జెట్ కోత కింద 5.7 శాతం పోతుంది, మిగిలేది దాదాపు 2,35,656 డాలర్లు.

ఇందులో కళ్లు తెరిపించే అంకె దిగుబడిది. ఆర్కాన్సాలో వరి ఇప్పుడు ఎకరాకు 75 వందల పౌండ్ల దాకా పండుతుంది. మన 75 కిలోల బస్తాల్లో చెబితే దాదాపు 45 బస్తాలు. చెల్లింపు మాత్రం ఎప్పుడో రికార్డులో రాసిన దిగుబడి మీదే. 2014లోనూ 2018లోనూ దాన్ని సవరించుకునే వీలిచ్చారు. ఆ సంతకం పొలం యజమానిది, కౌలుదారుది కాదు. దూరాన ఎక్కడో ఉండే యజమాని ఆ కాగితం పట్టించుకోకపోతే, పాత తక్కువ అంకె మీదే కౌలుదారు ఏళ్ల తరబడి సొమ్ము నష్టపోతాడు. ఈ నష్టం ఏ పత్రికలోనూ రాదు, కౌంటీ లెక్కల్లోనూ కనబడదు.

ఇక సొమ్ము చేతికొచ్చే కాలం. వరి మార్కెట్ సంవత్సరం ఆగస్టు 1 నుంచి మరుసటి జులై 31 దాకా. అది ముగిసి సగటు ధర తేలాక, అక్టోబరు 1 తర్వాతే చెల్లింపు. 2025 వేసవి చివర కోసిన వరికి సొమ్ము 2026 అక్టోబరులో వస్తుంది. ఈలోపు ఇంకో పంట పెట్టుబడీ పెట్టాలి, దాని కోతా కావాలి. అందుకే బ్యాంకులు పంట రుణం ఇచ్చేటప్పుడు రాబోయే చెల్లింపును తమకు రాయించుకుంటాయి. అక్టోబరులో పడిన సొమ్ము రైతు ఖాతాను తాకకుండానే బాకీకి జమవడం అక్కడ మామూలే.

కౌలుదారుకా, యజమానికా?

ఈ ఒక్క విషయంలో మాత్రం అమెరికా చట్టం మనకన్నా సూటిగా ఉంది. నగదు కౌలైతే చెల్లింపు మొత్తం కౌలుదారుదే, యజమానికి ఏమీ రాదు. పంటలో పాలు తీసుకునే ఒప్పందమైతే అదే నిష్పత్తిలో ఇద్దరూ పంచుకోవాలి. పంటలో పావు వంతు యజమానిదైతే చెల్లింపులోనూ పావు వంతు. పంట నష్టభయం ఎవరిదో సొమ్ము వారిదన్నది సూత్రం. తెలంగాణలో పెట్టుబడి సాయం పట్టాదారుకే పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు ఇస్తామన్నా, దానికి యజమాని సంతకం కావాల్సి రావడంతో చాలామంది కౌలుదారులు గడప దగ్గరే ఆగిపోయారు.

అలాగని అమెరికా కౌలుదారు జేబు నిండిపోదు. చట్టం ఇచ్చింది కౌలు రేటు పట్టుకుపోతుంది. ఆ పొలానికి వరి బేస్ ఎంతుందో యజమానికీ తెలుసు, పక్క కౌలుదారుకూ తెలుసు. వచ్చే ఏడాది కౌలు మాట్లాడేటప్పుడు అది ధరలో కలిసిపోతుంది. సబ్సిడీ డాలరులో దాదాపు పావు వంతు కౌలు పెంపు రూపంలో యజమానికి చేరుతోందని 2009లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. మిగతా ముప్పావు వంతు కౌలుదారు దగ్గరే ఉంటోందన్నది దాని రెండో సగం, విమర్శకులు సాధారణంగా చెప్పనిది.

పరిమితిని దాటే దారులు

పై లెక్కలో 2,35,656 డాలర్లు వచ్చాయి. కానీ 2025 పంటకు ఒక మనిషికి గరిష్ఠ పరిమితి 1,55,000 డాలర్లు. అంతకుముందు 1,25,000 ఉండేది. గడిచిన మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటినవారికి అసలేమీ రాదు. ఒక్కడి పేరునే సాగు చేస్తే మన ఉదాహరణలోని రైతు 80 వేలకు పైగా వదులుకోవాలి. వదులుకునేవారు తక్కువ.

భార్యాభర్తల్లో ఒకరు సాగులో ఉన్నారని తేలితే రెండోవారికీ విడిగా అర్హత వస్తుంది, పరిమితి 3,10,000 అవుతుంది. ఐదుగురు కలిసి భాగస్వామ్యం పెడితే ఒక్కొక్కరికీ ఒక్కో పరిమితి, మొత్తం 7,75,000. కంపెనీ పెడితే ఇంతకాలం మొత్తానికి ఒకటే పరిమితి ఉండేది. అందుకే మిసిసిప్పి నది పొడవునా పెద్ద పొలాలన్నీ భాగస్వామ్యాలుగానే నడిచాయి. 2025 చట్టం ఎల్‌ఎల్‌సీల (పరిమిత బాధ్యత కంపెనీల) వంటి వాటికీ భాగస్వామ్యాల్లాగే సభ్యుడికో పరిమితి ఇచ్చింది. పేరుకు ఇది సరళీకరణ. జరిగేది మాత్రం పరిమితి మరింత సడలడమే.

భాగస్వామి అనిపించుకోవాలంటే సాగులో నిజంగా పాలుపంచుకోవాలి. భూమో, పెట్టుబడో, యంత్రాలో ఒక చేత్తో పెట్టాలి, శ్రమో యాజమాన్య బాధ్యతో రెండో చేత్తో చూపాలి. కుటుంబ సభ్యులు కాని భాగస్వాములున్న సంస్థల్లో మేనేజరు పేరుతో అర్హత పొందేవారు ఏటా 500 గంటలు గానీ, మొత్తం యాజమాన్య పనిలో 25 శాతం గానీ చేసినట్టు చూపాలన్న నిబంధన ఒబామా హయాం చివర్లో వచ్చింది. కుటుంబ సంస్థలకు అది వర్తించదు. 2018 చట్టం కుటుంబం అన్న నిర్వచనంలోకి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలను, పినతండ్రి, మేనత్త వంటివారి పిల్లలను కూడా చేర్చింది. ఊళ్లో ఉండే అన్నకూ, వందల మైళ్ల దూరంలో ఉద్యోగం చేసుకునే పినతండ్రి కొడుక్కూ ఒకే పొలంలో విడివిడి పరిమితులు రావడానికి దారి అదే. 1980ల నుంచి 2008 దాకా ఒక మనిషి మూడు సంస్థల ద్వారా సొమ్ము తీసుకునే వీలుండేది. సంస్థలో సంస్థ, అందులో ఇంకో సంస్థ పెట్టి కొమ్మలుగా విస్తరించే ఆ ఏర్పాటుకు మిసిసిప్పి క్రిస్మస్ చెట్టు అని పేరు పడింది. 2008 చట్టం ప్రతి డాలరునూ చివరి మనిషి దాకా లెక్కగట్టాలని చెప్పి ఆ చెట్టును నరికింది. కుటుంబ చెట్టు జోలికి పోలేదు.

కౌంటీ ఆఫీసులో కాగితాలు

చెల్లింపులు నడిపేది అమెరికా వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, పొడి అక్షరాల్లో ఎఫ్‌ఎస్‌ఏ. దేశంలో దానికి 2,000కు పైగా కౌంటీ ఆఫీసులున్నాయి. ఒక్కో ఆఫీసు మీద మూడు నుంచి పదకొండు మంది రైతుల కమిటీ ఉంటుంది. ఆ కమిటీని స్థానిక రైతులే ఎన్నుకుంటారు, పదవీకాలం మూడేళ్లు. ఆఫీసు అధికారిని నియమించేది కూడా ఆ కమిటీయే. మన మండల వ్యవసాయాధికారిని రైతులు ఓటేసి పెట్టుకున్న కమిటీ నియమిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మంచీ చెడూ రెండూ అందులోంచే వచ్చాయి.

కొత్తగా సాగులోకి దిగినవాడు ముందు పొలానికి ఎఫ్‌ఎస్‌ఏ నంబరు ఉందో లేదో చూసుకోవాలి. పొలం నంబరు, దాని కింద ట్రాక్టు నంబరు, దాని కింద మడి నంబరు. అన్నీ విమానం నుంచి తీసిన ఫొటోల మీద గీసి ఉంటాయి. బేస్ ఎంత, రికార్డు దిగుబడి ఎంత అన్నది 156-ఈజెడ్ అనే కాగితంలో దొరుకుతుంది. ఆ తర్వాత వరసగా సంతకాలు. సాగు ఎలా చేస్తున్నారో, భూమి ఎవరిదో, పెట్టుబడి ఎవరిదో చెప్పే సీసీసీ-902. ఆదాయ పరిమితి దాటలేదని, పన్నుల శాఖ దగ్గర సరిచూసుకోవచ్చని రాసిచ్చే సీసీసీ-941. నీటికీ గాలికీ మన్ను కోతకు గురయ్యే నేలనూ చిత్తడి నేలనూ పాడు చేయనని హామీ ఇచ్చే ఏడీ-1026. బ్యాంకు ఖాతా వివరాలు. చివరగా పథకం ఎంపిక, ఏటా ఒప్పందం. ఆ ఒప్పందం మీద బేస్‌లో పాలున్న ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలి.

వీటన్నిటిలోకీ ఏటా తిప్పలు పెట్టేది సాగు నివేదిక, ఫారం 578. ఆర్కాన్సాలో వరి, సోయా, మొక్కజొన్న, పత్తికి గడువు జులై 15. మడి వారీగా పంట, రకం, నీటి వసతి, విత్తిన తేదీ, ఎవరి పాలు ఎంత అన్నీ రాయాలి. ఖాళీగా వదిలిన మడి కూడా రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే అక్కడ బాధ్యత పూర్తిగా రైతుదే. గడువు దాటితే, పంట ఆనవాళ్లు పొలంలో ఉన్నంత వరకు, తనిఖీ ఖర్చు కట్టి ఆలస్యంగా ఇవ్వొచ్చు. కోసేసి దున్నేశాక చూపించడానికి ఏమీ మిగలదు.

సొమ్ము ఆగిపోయే సందర్భాలు చాలావరకు చిన్నవే. తండ్రి పేరు మీదున్న సాగును కొడుకు ఎల్‌ఎల్‌సీ పెట్టి అందులోకి మారుస్తాడు, బ్యాంకులో మారుస్తాడు, పన్నుల్లో మారుస్తాడు, ఎఫ్‌ఎస్‌ఏలో మార్చడు. ఒప్పందం ఒక పేరున, పంట ఇంకో పేరున నిలుస్తుంది. లేదా పన్నుల శాఖ దగ్గరున్న పేరుకూ, ఇక్కడ రాసిన పేరుకూ ఒక అక్షరం తేడా ఉంటుంది, ఆదాయ ధ్రువీకరణ తిరిగొస్తుంది. బీమా ఏజెంటుకు 212 ఎకరాలని, ఎఫ్‌ఎస్‌ఏలో 205 అని రాయడం ఇంకొకటి. రెండు శాఖలూ ఇప్పుడు లెక్కలు సరిపోల్చుకుంటాయి కాబట్టి అది ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది. 10 బేస్ ఎకరాలు, అంతకు తక్కువ ఉన్న పొలానికి కొన్ని మినహాయింపులు తప్ప చెల్లింపే లేదు. ఇది తెలియక చిన్న చిన్న ముక్కలు కొన్నవారు ఏళ్ల తరబడి కాగితాలు నింపుతుంటారు. వేర్వేరు పొలాల్లోని బేస్ కలిపి 10 దాటితే ఇప్పుడు అడ్డు తొలగుతుంది, కానీ అన్నిట్లోనూ తన పాలు రికార్డులో ఉండాలి.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు చిత్తడి నేలది. పొలం మూలనున్న నీటి మడుగును కాలువ తీసి ఆరబెడితే, పోయేది ఆ మూల సొమ్ము ఒక్కటే కాదు. ఆ మనిషికి పాలున్న అన్ని పొలాల మీదా, అన్ని పథకాల సొమ్మూ ఆగుతుంది. మిసిసిప్పి డెల్టా నేలల్లో లేజరుతో పొలం చదును చేయించడం మామూలు పని. కాబట్టి కాలువ తీసే ముందు, చెట్లు కొట్టే ముందు, చదును చేసే ముందు ఏడీ-1026 మీద రాసిచ్చి, ఆ నేల చిత్తడి కిందికి రాదని నిర్ధారణ తీసుకోవాలి. పని అయ్యాక అడిగితే ఫొటోలే సాక్ష్యం చెబుతాయి.

కమిటీ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో పునఃపరిశీలన కోరాలి. ఆపైన రాష్ట్ర కమిటీ, ఆపైన శాఖలోనే స్వతంత్రంగా ఉండే జాతీయ అప్పీళ్ల విభాగం. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. కానీ ఇరుగుపొరుగు రైతులే తీర్పరులైన చోట ఎవరి మాట చెల్లుతుందన్నది చరిత్ర చెప్పింది. దక్షిణాది కౌంటీల్లో నల్లజాతి రైతుల దరఖాస్తులను నాన్చారని, తొక్కిపెట్టారని వేసిన పిగ్‌ఫర్డ్ దావా 1999లో రాజీ అయింది. 100 కోట్ల డాలర్లకు పైగా పరిహారం వెళ్లింది. గడువు దాటి వచ్చిన దరఖాస్తుల కోసం 2010లో రెండో రాజీ, ఇంకో 125 కోట్లు. మరో చిక్కు వారసత్వానిది. వీలునామా లేకుండా తాత నుంచి మనవల దాకా పంపకాలు లేక నడిచిన భూమికి కాగితం చూపలేక, పొలం నంబరే దొరకని నల్లజాతి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. తాత పేరు మీదే పాస్‌బుక్ ఉండి రైతుబంధు రాని ఇళ్లు ఎన్నో చూసినవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. పట్టా లేకున్నా సాగులో ఉన్నట్టు వేరే ఆధారాలు చూపి నంబరు తీసుకునే వీలు 2018 చట్టం ఇచ్చింది.

ఎప్పటికప్పుడు వచ్చే సొమ్ము

ఇంతవరకు చెప్పింది చట్టంలో రాసి ఉన్న సొమ్ము. ఇటీవలి ఏళ్లలో దానికి సమానంగా, కొన్నేళ్లు దాన్ని మించి, అప్పటికప్పుడు ప్రకటించే సాయం వస్తోంది. చైనాతో సుంకాల పోరు వేళ 2018, 2019ల్లో దాదాపు 2,300 కోట్ల డాలర్లు పంచారు. 2019లో ప్రతి కౌంటీకి ఎకరాకు 15 నుంచి 150 డాలర్ల మధ్య ఒకే రేటు కట్టారు. కౌంటీ సరిహద్దు గీతకు అటూ ఇటూ ఒకే పంట వేసిన ఇద్దరికి వేర్వేరు సొమ్ము వచ్చింది. 2025 మార్చిలో ఇంకో 1,000 కోట్లు, వరికి ఎకరా రేటు 76.94 డాలర్లు. అదే ఏడాది డిసెంబరులో 1,200 కోట్ల ప్యాకేజీ, అందులో వరికి ఎకరాకు 132.89, పత్తికి 117.35, సోయాకు 30.88.

ఈ సాయాలు నడిచేది బేస్ మీద కాదు, నిజంగా వేసిన ఎకరాల మీద. మొదట్లో చెప్పిన రెండు పొలాల తలరాత ఇక్కడ తిరగబడుతుంది. డిసెంబరు ప్యాకేజీలో వరి వేసిన పొలానికి 132.89, సోయా వేసిన పొలానికి 30.88. దీనికి కొత్త దరఖాస్తులో రుజువులేమీ అడగలేదు, జులైలో ఇచ్చిన 578 నివేదికే ఆధారం. వర్షాలకు విత్తలేకపోయిన ఎకరాలను డిసెంబరు సాయంలో లెక్కించలేదు. మార్చి సాయంలో వాటికి సగం లెక్కన ఇచ్చారు. ఒక్కో ప్యాకేజీకి ఒక్కో తీరు. ఏ సాయం ఎప్పుడు ఏ రూపంలో వస్తుందో రైతుకు ముందు తెలియదు కాబట్టి, ఏ సబ్సిడీ లేని మడిని కూడా నివేదికలో సరిగా రాసి ఉంచడమే తెలివి.

కౌంటీ మొత్తాలు చదివేటప్పుడు

అమెరికాలో ఈ చెల్లింపుల వివరాలు పేర్లతో సహా బయట దొరుకుతాయి. ఒక పర్యావరణ సంస్థ వాటిని కౌంటీ వారీగా అందరికీ అందుబాటులో పెట్టడంతో, ఫలానా కౌంటీకి ఇన్ని కోట్లు అన్న వార్తలు తరచూ వస్తుంటాయి. వాటిని మొహం చూసి నమ్మకూడదు. ఆ జాబితాల్లో ఏళ్ల తరబడి దేశంలోకెల్లా పైన ఉన్న పేరు స్టట్‌గార్ట్‌లోని రైస్‌ల్యాండ్ ఫుడ్స్, 50 కోట్ల డాలర్లకు పైగా. అది వేల మంది రైతులు సభ్యులుగా ఉన్న సహకార సంఘం. ధాన్యం రుణాల మీద వచ్చే ప్రయోజనం సంఘం పేరున జమై సభ్యులకు పోయేది. ఒక్క కంపెనీ మింగిందన్న అర్థం వచ్చేలా రాసిన వార్తలు సగం నిజాలే.

చిరునామా సంగతీ అంతే. సొమ్ము తీసుకున్నవాడు ఎక్కడుంటే అక్కడి కింద లెక్కపడితే, డెల్టా పొలాల డబ్బు మహానగరాల్లో కనబడుతుంది, పల్లె కౌంటీ మొత్తం తగ్గుతుంది. పంటల బీమా సబ్సిడీ పేర్ల జాబితాలో ఉండదు. ప్రీమియంలో సగటున 60 శాతానికి పైగా ప్రభుత్వమే కడుతుంది, దానికి మనిషికింత అన్న పరిమితీ లేదు. మొత్తం సబ్సిడీలో అంత పెద్ద పాలు పేర్లు లేకుండా నడుస్తుండగా, పరిమితి ఉన్న పథకం మీదే చర్చంతా జరగడం వింతే. ఇక చనిపోయినవారి పేరిట చెల్లింపులు. 1999-2005 మధ్య 1,72,801 మంది మృతుల పేర్ల మీద 110 కోట్ల డాలర్లు పోయాయని ఆ దేశ ఆడిట్ సంస్థ జీఏఓ 2007లో తేల్చింది. అందులో కొంత చట్టబద్ధమే, మృతుల ఆస్తి (ఎస్టేటు) పరిష్కారమయ్యే దాకా సొమ్ము రావచ్చు. పరిష్కారం కాలేదని ఏళ్ల తరబడి సాగదీసినవే అసలు తప్పు. ఆ నివేదిక తర్వాతే మరణాల రికార్డుతో సరిచూడటం గట్టిపడింది.

అమెరికాలో ఉన్న తెలుగువారు పెట్టుబడిగా సాగు భూమి కొనేటప్పుడు ఎదురయ్యే రెండు మూడు సంగతులున్నాయి. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివారు, అంటే హెచ్-1బీ మీద ఉన్నవారు సహా, 10 ఎకరాలకు మించిన సాగు భూమి కొంటే 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారంలో తెలపాలి. తెలపకపోతే భూమి విలువలో 25 శాతం దాకా జరిమానా వేయొచ్చు. భాగస్వాములతో కలిసి ఎల్‌ఎల్‌సీ పేరున కొన్నా ఈ సంగతి విచారించుకోవాలి. అలాంటివారు భూమి, పెట్టుబడి పెట్టడమే కాక సొంతంగా గణనీయమైన శ్రమ కూడా చేస్తే తప్ప చెల్లింపులకు అర్హులు కారు. కౌలుదారుకు మాత్రం అడ్డు లేదు. అమ్మేవారు ఎకరాకు ఇంత సబ్సిడీ వస్తుందని చెబితే 156-ఈజెడ్ కాగితం అడిగి, బేస్ ఏ పంటది, ఎంత దిగుబడి మీద ఉందో చూడాలి. వరి బేస్ ఎకరాకూ గోధుమ బేస్ ఎకరాకూ విలువలో చాలా తేడా ఉంటుంది. పొలాన్ని ముక్కలు చేసి కొంటుంటే, ఏ ముక్కకు ఎంత బేస్ పోవాలో అమ్మేవారూ కొనేవారూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేకపోతే ఆఫీసు తన పద్ధతిలో పంచుతుంది. నేలను సాగు మానిపించి 10 నుంచి 15 ఏళ్లకు అద్దె ఇచ్చే సంరక్షణ ఒప్పందం ఆ పొలం మీద నడుస్తుంటే మరీ జాగ్రత్త. కొన్నవారు గడువులోగా దాన్ని తమ పేరున మార్చుకోకపోతే ఒప్పందం రద్దవుతుంది, అప్పటిదాకా తీసుకున్న అద్దె వడ్డీతో సహా తిరిగి కట్టమని నోటీసు అమ్మినవారికి వెళ్తుంది. ఆ భారం ఎవరిదో అమ్మకం కాగితంలోనే రాసుకోకపోతే వివాదం కోర్టుకెక్కుతుంది.